కొండకు తల వంచాలి

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి రాతిగుట్ట మీద దిద్దిన పర్వతారోహణ ఓనమాలే ఆమెకు పునాది. ఆ గెలుపు గురుకుల పిల్లలకిచ్చిన ధైర్యం వెలకట్టలేనిది. కానీ 2006లో 172 రోజుల్లోనే ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలెక్కిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్‌బాబు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా కన్నుమూశారు. ఎంత ఆరితేరినవారినైనా కొండ ఉపేక్షించదు. ఎనిమిది వేల మీటర్లు దాటాక ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడో వంతే. అక్కడ శిక్షణ, వాతావరణంపై కన్ను, వేళ మించితే వెనుదిరిగే వివేకమే ప్రాణరక్ష. సాహసించే పిల్లలకు సన్మానాలొక్కటే చాలవు. మంచి శిక్షకులను, నాణ్యమైన పరికరాలను, బీమాను ప్రభుత్వాలు ముందే సమకూర్చాలి.