పొయ్యి ఒక్కటే జరిపితే చాలదు

ఇల్లు కాస్త బాగు చేయించుకోవాలని అనుకోని ఇల్లాలు ఉండదు. గోడ జరిపి గది పెంచుకోవడం, వంటగట్టు ఎత్తు చేయించుకోవడం, పాత బండలు తీయించి టైల్స్ వేయించుకోవడం, ఇవన్నీ మనం ఏళ్ళ తరబడి మనసులోనే కట్టుకుంటూ ఉంటాం. అలమర ఎక్కడ ఉండాలో, అద్దం ఎంత ఎత్తులో ఉండాలో వందసార్లు ఆలోచిస్తాం. కానీ వేడి పుట్టే వస్తువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు మాత్రం 'ఎక్కడ పెడితే బాగుంటుంది?' అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాం. రెండో ప్రశ్న ఒకటి ఉంది. అది వేసుకోకపోవడం వల్ల మా ఇంట్లో ఏమైందో మీకు చెబుతాను.

మాది రామకుప్పం. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు దగ్గర. ఎత్తు మీద ఉన్న ప్రాంతం కాబట్టి ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున తొట్టిలో నీళ్ళు ముట్టుకోలేం. అందుకే మా వైపు పాత ఇళ్ళలో వంటపొయ్యి వేరు, నీళ్ళపొయ్యి వేరు. పొయ్యి మీద రాగి అండా, కింద మంట. 1999లో దీపం పథకం వచ్చాక వంటింట్లోకి గ్యాస్ వచ్చింది గానీ, చాలా ఇళ్ళలో నీళ్ళపొయ్యి అట్లాగే ఉండిపోయింది. పట్టుపురుగులు మేపే ఊళ్ళు కదా, ఆకు తీసిన మల్బరీ పుల్లలు, కొబ్బరి మట్టలు ఉండగా స్నానం నీళ్ళకు సిలిండరు ఎవరు ఖర్చు పెడతారు?

మా నీళ్ళపొయ్యి పెరట్లో, రేకుల కింద ఉండేది. మూడు పక్కలా సగం గోడలే. పొగ దాని దారిన అది పోయేది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక చలిలో పెరట్లోకి వెళ్ళడం కష్టమైంది. పడకగదికి ఆనుకుని స్నానాల గది కట్టిద్దామని, అండాను కూడా ఆ గదిలోకే మారుద్దామని అనుకున్నాం. ఆగ్నేయ మూల అయితే మంచిదని అత్తగారు, టైల్స్‌కు మసి అంటకూడదని నేను, ఖర్చు పెరగకూడదని మావారు. ముగ్గురం మూడు మాటలు అన్నాం. పొగ సంగతి ఒక్కరమూ అనలేదు.

గది కట్టాక మేస్త్రీయే అడిగాడు, "పొగగొట్టం ఎట్ల తీయాలక్కా?" అని. నేరుగా పైకి తీస్తే వీధిలోకి కనిపిస్తుందని, గోడ వెంబడి అడ్డంగా తిప్పి వెనక్కు తీయమన్నది నేనే. "అట్లయితే పొగ లాగదేమోక్కా" అని అతను ఒకమాట అన్నాడు కూడా. "ఏం కాదులే" అన్నాను. రెండు వంపులు తిరిగింది గొట్టం. పొయ్యి నోరు గదిలోకే పెట్టించాం, అత్తగారు కూర్చున్నచోటి నుంచే పుల్ల తోసుకోవచ్చని.

రెండు వారాలు కళ్ళు మండాయి. కొత్త పొయ్యి కదా అనుకున్నాం. ఒకరోజు చలి ఎక్కువగా ఉందని అత్తగారు గాలికిటికీకి గోనెపట్టా అడ్డం పెట్టి, తలుపు వేసుకుని స్నానానికి వెళ్ళారు. మంట ఆరింది, నిప్పులు మాత్రం ఉన్నాయి. పొగ లేదు కదా, భయమేముంది అనుకున్నారట. ఎంతసేపటికీ చెంబు చప్పుడు వినిపించలేదు. పిలిస్తే పలకలేదు. గడియ వేసుకోలేదు కాబట్టి బతికాం. గోడకు ఆనుకుని కూలబడి ఉన్నారు. వసారాలోకి మోసుకొచ్చాక కళ్ళు తెరిచి, "తల పగిలిపోతా ఉందే" అన్నారు. కుప్పం ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టారు. రెండురోజుల్లో కోలుకున్నారు.

డాక్టరుగారు చెప్పిన మాట మీరూ గుర్తు పెట్టుకోండి. కళ్ళు మండించే పొగ మనల్ని బయటికి తరుముతుంది, కాబట్టి అది ఒక రకంగా మేలే. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తల తిరగడం, తర్వాత కాళ్ళలో బలం పోవడం. లేచి తలుపు తీయాలని తెలిసినా లేవలేరు. అట్లాంటి వాళ్ళను చూస్తే ముందు తలుపులు బార్లా తెరిచి ఆరుబయటికి తేవాలి, తర్వాతే మిగతా సంగతి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఇక రెండో ప్రశ్న ఏమిటో మీకు తెలిసిపోయే ఉంటుంది. 'దీనిలోంచి వచ్చేది ఎటు పోతుంది?' అన్నదే.

పల్లెల్లో పొయ్యిలకే కాదు, ఈ ప్రశ్న అన్నిచోట్లా ఉంది. మా చెల్లెలి కూతురు అమెరికాలో పాత ఇల్లు కొనుక్కుని బాగు చేయించుకుంటోంది. ఆ చలిదేశాల్లో పాత ఇళ్ళకు నేలమాళిగలో బాయిలరు ఉంటుంది. అందులోని ఆవిరి గొట్టాల్లో పైకి వచ్చి, గదుల్లోని ఇనుప రేడియేటర్లను వేడి చేస్తుంది. సోఫాకు అడ్డంగా ఉందని ఆ పిల్ల ఒక రేడియేటరును ఇంకో గోడకు జరిపించాలనుకుంది. పనివాడు చెప్పాడట, "జరపడం పెద్ద పని కాదు, గొట్టం వాలు చూడాలి" అని. ఆవిరి చల్లబడితే నీరవుతుంది. వాళ్ళ ఇంట్లో ఆవిరి వచ్చేదీ, నీరు తిరిగి బాయిలరుకు పోయేదీ ఒకే గొట్టంలో. వాలు తప్పితే నీరు మధ్యలో నిలిచిపోతుంది. వెనక నుంచి ఆవిరి వచ్చి దాన్ని కొడితే రాత్రంతా సుత్తితో బాదినట్టు చప్పుడు, గదికి వేడీ సరిగా అందదు. ఫోనులో ఇది విని నాకు మా పొగగొట్టమే గుర్తొచ్చింది. అక్కడ నీటికి వాలు కావాలి, ఇక్కడ పొగకు నిలువు కావాలి. అంతే తేడా.

పొగకు దారి చూపాలన్నది కొత్త సంగతీ కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజుగారు పొగగొట్టం ఉన్న పొయ్యిని తయారుచేసి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన 'అస్త్ర' విభాగం వాళ్ళు 'అస్త్ర ఒలె' చేశారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి అని మా సరిహద్దు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనం మాత్రం గొట్టం వీధిలోకి కనిపిస్తుందని వంకరగా తిప్పించుకున్నాం!

తర్వాత మేం మళ్ళీ ఖర్చు పెట్టి సరిచేయించుకున్నాం. మీరు మొదటే చేయించుకోండని అవన్నీ రాస్తున్నాను.

పొయ్యి నోరు గది బయటికి ఉండాలి. అండా లోపల, మంట బయట. మధ్య గోడలో సందు లేకుండా మట్టితో పూడ్పించాలి. పుల్లలు పెరటి వైపు నుంచే తోయాలి.

పొగగొట్టం నేరుగా పైకి పోవాలి. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లాగుతుంది. అడ్డంగా తిప్పితే ఆ లాగుడు పోతుంది. మిద్దె కన్నా రెండు మూడడుగులు ఎత్తుండి, వాన పడకుండా పైన టోపీ ఉండాలి. మసి తీయడానికి అడుగున చిన్న తలుపు పెట్టించండి. కొబ్బరిచెట్టు మట్టలు దానికి దూరంగా ఉండాలి.

పొయ్యి గూటికి పాత ఇటుకలు, బంకమట్టి వాడండి. సిమెంటు ఆ వేడికి పగుళ్ళు ఇస్తుంది. అండాలో నీళ్ళు పోశాకే మంట పెట్టండి. మూత బిగించొద్దు, ఆవిరి పోవాలి. అండా నుంచి కుళాయికి గొట్టం వేయిస్తే మామూలు పీవీసీ వద్దు, వేడికి మెత్తబడుతుంది. సీపీవీసీ అయితే 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

గాలికిటికీకి అద్దం బిగించొద్దు, గుడ్డ కుక్కొద్దు. ఏటవాలు రెక్కల కిటికీ అయితే చలిగాలి మొహం మీద కొట్టదు, గాలీ ఆడుతుంది.

'మా ఇంట్లో పొయ్యే లేదు, గ్యాస్ గీజరు' అంటారా? మీకు ఇంకా జాగ్రత్త కావాలి. స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్ల వల్ల ప్రాణాలు పోయాయని బెంగళూరు నుంచి వార్తలు ఎన్నోసార్లు చదివాం. గీజరు పెట్టె గది బయట గాలాడేచోట ఉండాలి, వేడినీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి రావాలి. కరెంటు గీజరయితే పొగ భయం లేదు. 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీలు వేడెక్కడానికి ముప్పావు యూనిట్ దాకా అవుతుంది. దానికీ జరిపేటప్పుడు చూడాల్సిన దారి ఉంది, అది ఎర్తు తీగ. అది లేనిచోట గీజరు బిగించొద్దు. షాకు కొడితే కరెంటును ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించండి.

ఇప్పుడు మా పొగగొట్టం వీధి మొదటి నుంచే కనిపిస్తుంది. ఏమీ అందంగా లేదు. పొద్దున్నే దాంట్లోంచి సన్నగా పొగ లేస్తుంటే, లోపల అత్తగారు చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి, "అత్తా!" అని ఒక కేక వేస్తాను. "ఉన్నాలేవే" అంటారు విసుగ్గా.

మీ స్నానాల గది గాలికిటికీకి ఏమైనా అడ్డం పెట్టి ఉందేమో, పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి చూసి రండి.