పల్లూ తిప్పి చూశారా?

సాయంత్రం ఐదింటికి రిలీజ్ కాల్, రాత్రి 11:30కి ముహూర్తం. హైటెక్ సిటీలో పనిచేసే మనలో చాలామందికి పెళ్లి షాపింగ్ అంటే క్యాబ్‌లో కూర్చుని ఫోన్ స్క్రోల్ చేయడమే. పిన్ని కూతురి పెళ్లికి నేనూ అలాగే ‘పోచంపల్లి పట్టు’ అని ఉన్న చీర ఆర్డర్ పెట్టా. సగం ధరకే వచ్చిందని తెగ మురిసిపోయా.

అమ్మ చీర విప్పి, పల్లూ తిప్పి చూసింది. వెనకవైపు రంగంతా వెలిసిపోయినట్టుంది. “ఇది నేసిన డిజైన్ కాదే, అచ్చు వేసింది” అంది. అందరి ముందూ పరువు పోయింది.

తేడా ఏంటంటే, పోచంపల్లి ఇకత్‌లో బట్ట నేశాక డిజైన్ వేయరు. ముందే పోగులకి లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. ఆ పోగులు మగ్గమెక్కాకే డిజైన్ బయటపడుతుంది. అందుకే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింట్‌లో గీతలు మరీ నీట్‌గా ఉంటాయి, వెనకవైపు వెలవెలబోతుంది. మరమగ్గాల మీద నేసినవీ వస్తున్నాయి కాబట్టి హ్యాండ్లూమ్ మార్క్, పట్టయితే సిల్క్ మార్క్ కూడా చూసుకోండి.

ప్రింట్ కొనడం తప్పేం కాదు. దాన్ని చేనేత అనుకుని కొంటేనే నష్టం. మన డబ్బూ పోతుంది, రోజుల తరబడి ముడులు కట్టిన నేతన్నకి దక్కాల్సిందీ పోతుంది.

ఇక స్టైలింగ్. ఇకత్‌లోనే బోలెడంత డిజైన్ ఉంటుంది. బ్లౌజ్ ప్లెయిన్‌గా, అంచు రంగులో కుట్టించండి. జుంకాలు పెడితే మెడలో హెవీ సెట్ అక్కర్లేదు. అబ్బాయిలైతే ప్లెయిన్ కుర్తా మీద ఇకత్ జాకెట్ చాలు. పగటి పెళ్లికి గద్వాల్ బెస్ట్: ఒళ్లంతా నూలు, అంచూ పల్లూ పట్టు. హల్దీకి మాత్రం పట్టు జోలికి పోకండి, పసుపు మరక వదలదు. ఉతుక్కోగలిగే కాటన్ కట్టండి.

టైముంటే ఆఫీస్ పక్కనే శిల్పారామం ఉంది, చేత్తో పట్టుకుని చూడొచ్చు. వీకెండ్ ఖాళీ అయితే భూదాన్ పోచంపల్లికే వెళ్లండి, సిటీ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరది.

పెళ్లికి చివరికి అమ్మ పాత పోచంపల్లే కట్టా, కొత్త బ్లౌజ్‌తో. నేను కొన్నదా? ఆఫీస్ ఎత్నిక్ డేకి కడుతున్నా. ఎవరైనా అడిగితే ప్రింటనే చెబుతున్నా.