గర్భసంచిది కాదు తప్పు, బరువుది

"ఆడోళ్లకు నడుము నొప్పి ఎప్పుడుండదు!" అని మొన్న పాణ్యంలో ఒక మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పద్నాలుగేళ్లు నేనూ బేల్దారి పనికి పోయినదాన్నే. స్లాబు వేసే రోజు చీకటి పడేదాకా కాంక్రీటు తట్టలు అందించి, ఇంటికొచ్చి బిందెలు మోసినదాన్నే. నడుము పట్టేస్తే మొదటిసారి సూది వేశారు. రెండోసారి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, "పిల్లలు పుట్టారు కదా, గర్భసంచి తీయించుకో" అన్నారు. ఏం పని చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర. అన్నిటికీ నడుమే కారణమని నేననను. కానీ బరువులు మోసి దెబ్బతిన్న నడుముకు గర్భసంచి తీస్తే నొప్పి పోతుందా? చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ఇంకా బలహీనమవుతాయి.

చట్టానికి ఈ సంగతి తెలియదా? తెలుసు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు, స్త్రీ ఒక్కతే ఎత్తదగ్గ బరువు 30 కిలోలు, పురుషుడికి 55 కిలోలు అని గీత గీశాయి. సిమెంటు బస్తా 50 కిలోలు! 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారింది, బస్తా బరువు మారలేదు.

తట్ట 30 కిలోలు ఉండదు కదా అంటారు. ఒక్క తట్టయితే సరే. పొద్దుగూకేదాకా వంగుతూ, నడుము తిప్పుతూ ఎత్తే తట్టల మాటేమిటి? మా మండలంలోనే పిన్నాపురం దగ్గర నీళ్లను పైకి తోడి కరెంటు తీసే ప్రాజెక్టు చేపట్టారు. నీళ్లు ఎత్తడానికి యంత్రాలున్నాయి. రెండో అంతస్తుకు ఇటుకలెత్తడానికి ఒక గిలక దొరకదా? గిలకకు డబ్బు పెట్టాలి. మేం చవక. అసలు లెక్క ఇదీ.

బెల్టు కట్టుకోమనే సలహా ఒకటి. ఆరోగ్యంగా ఉన్న కార్మికుల నడుమును బెల్టు కాపాడుతుందనడానికి ఆధారం లేదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1994లోనే తేల్చింది. తగ్గాల్సింది బరువు.

నొప్పి వస్తే మంచం పట్టక్కర్లేదు. బరువులు మాని, మెల్లగా నడుస్తూ ఉంటే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాలిలో బలం తగ్గిపోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. కానీ "బరువులెత్తకు" అనే మందుచీటీ రోజుకూలీకి ఎలా పనికొస్తుంది? ఆ వారాల కూలి ఎవరిస్తారు?

డబ్బు లేక కాదు. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు మన పేరు మీదే వసూలు చేస్తూ వచ్చారు. అది కార్మికులకు చేరనందుకు 2018లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలను తప్పుబట్టింది.

అందుకే సంఘాల్లో పనిచేసే అక్కలను కోరుతున్నాను. మెడికల్ క్యాంపు పెడితే మొదటి ప్రశ్న "ఏం పని చేస్తావు?" కావాలి. అడ్డా మీదున్న ప్రతి స్త్రీ పేరూ సంక్షేమ బోర్డులో ఎక్కాలి. 25 కిలోల బస్తా, ప్రతి కట్టడం దగ్గరా గిలక, నడుము పట్టేసిన రోజులకు కూలి అడుగుదాం. మందుబిళ్లలు మింగి మళ్లీ తట్ట ఎత్తడం వైద్యం కాదు.