ఖాతా మనవాడిది, డబ్బు ఎవరిదో



మన బరంపురంలో డిగ్రీ చదువుతున్న ఆ కుర్రాడి సంగతి ఈపాటికి చాలామంది చెవిన పడే ఉంటుంది. పడినదాంట్లో సగం తప్పు. వాడు ఎవరికీ ఫోన్ చేసి మోసం చేయలేదు. స్నేహితుడి స్నేహితుడొకడు "నా ఖాతాకి లిమిట్ అయిపోయింది తమ్ముడూ, నీదాంట్లో వేయిస్తాను, తీసి ఇయ్యి" అన్నాడు. 80,000 పడ్డాయి. రెండు రోజుల్లో ఏటీఎంలో తీసి ఇచ్చాడు. చేతిలో 3,000 పెట్టారు.

కొద్ది రోజులకే ఖాతా ఆగిపోయింది. తండ్రి సూరత్ మగ్గాల మీద పనిచేసి నెలనెలా పంపేదీ అందులోకే, చెల్లెలి ఫీజుకి దాచిందీ అందులోనే. బ్యాంకుకి వెళ్తే, "వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు ఆపమన్నారు, మా చేతిలో లేదు" అన్నారు. తర్వాత నోటీసు వచ్చింది. అక్కడికి రైలు టికెట్లు, వకీలు ఫీజు కలిపితే ఆ 3,000 ఏ మూలకి?

వాడే ఎందుకు దొరికాడని అడుగుతున్నారు. డబ్బు పోయినవాళ్లు 1930కి ఫోన్ చేస్తే, అది ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లిందో బ్యాంకులు వరుసగా పట్టుకుంటూ వస్తాయి. నగదుగా తీసిన చోట ఆ దారి తెగిపోతుంది. అక్కడ కెమెరాలో కనిపించేది మనవాడి ముఖమే. డబ్బు తీసుకెళ్లినవాడి ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేయదు.

"తెలియక చేశాడు" అనే మాట మేమూ నమ్ముతున్నాం. కానీ దొంగసొత్తు విషయంలో చట్టం, తెలిసి తీసుకున్నావా అని మాత్రమే అడగదు, అది దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉందా అని కూడా అడుగుతుంది. ఊరికే తీసి ఇచ్చినందుకు 3,000 ఎందుకిచ్చారన్న ప్రశ్నకి వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా దగ్గరా లేదు.

పరువు పోతుంది, బయటికి పొక్కనివ్వొద్దని పెద్దలు కొందరు అంటున్నారు. వారి మీద గౌరవం ఉంచుకునే మేము ఒప్పుకోవడం లేదు. దాచిపెడితే ఇదే మాటతో మరో ఇంటి తలుపు కొడతారు. ఆ 80,000 పోగొట్టుకున్న ఇల్లు కూడా ఒకటి ఎక్కడో ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు.

మీ ఖాతాలో తెలియని డబ్బు పడితే తీయకండి, ఎవరో అడిగారని ఫోన్‌లో తిప్పి పంపకండి. బ్యాంకుకి వెళ్లి రాతపూర్వకంగా చెప్పి, రశీదు తీసుకోండి. ఏటీఎం కార్డు, సిమ్ము మేనమామ కొడుకు అడిగినా ఇవ్వొద్దు.

ఇంకొకటి, మనలో మన మాట. ఉగాది చందాలు మనం ఏళ్లుగా ఎవరో ఒకరి సొంత ఫోన్‌పేకే వేయించుకుంటున్నాం. అందులో ఒక్క చెడ్డ డబ్బు పడినా, ఆ మనిషి ఇంటి ఖర్చుతో సహా ఖాతా ఆగిపోవచ్చు. వచ్చే సమావేశంలో సంఘం పేరున ఖాతా తెరిచే తీర్మానం పెడుతున్నాం. అంతవరకు చందా నగదుగా ఇచ్చి, రశీదు పుస్తకంలో రాయించుకోండి.