థ పొట్టలో చుక్క కనబడాలి

మానిటర్ కొనబోయేవాళ్లు అంగట్లో మొదట అడిగేది ఎన్ని అంగుళాలని. కడపలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసుకుని బతికేవాణ్ణి, నా మాట వినండి: ముందు పిక్సెళ్లెన్నో అడగండి.

దీనికి మన లిపే కారణం. విండోస్ మామూలు సెట్టింగ్‌లో 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 16 పిక్సెళ్ల ఎత్తు. 'లక్ష్మి'లో గుడీ, కింద వత్తులూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. థకూ ధకూ తేడా పొట్టలో ఒక్క చుక్క, దకూ ధకూ తేడా కింద ఒక్క గీత. అవి తెరమీద అలుక్కుపోతే ప్రూఫులో మనకు దొరకవు, అచ్చయినాక పెండ్లికొడుకు మేనమామకు దొరుకుతాయి.

ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080. 21.5 అంగుళాల తెరమీద అవి అంగుళానికి 102 చొప్పున వస్తాయి, 24లో 92, 27లో 82. 'పెద్దగుంటే కండ్లకు మేలు కదప్పా' అంటారు. తెర సాగుతుంది గానీ అక్షరానికి కొత్తగా ఒక్క పిక్సెలూ రాదు, అవే 16 లావెక్కుతాయి. 27 కావాలనుకుంటే 2560×1440 తీసుకుని స్కేలింగ్ 125 శాతం పెట్టుకోండి, అక్షరానికి 20 వస్తాయి. 4కేలో 150 శాతం పెడితే 24. అయితే పాత సీపీయూలో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కే సెకనుకు 30 ఫ్రేములే ఇస్తుంది, మౌస్ ఈడుస్తుంది. అంత ఖర్చు వద్దంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు. మన ఎండకు మెరిసే అద్దం తెర మాత్రం వద్దు.

బ్రౌన్ దొర ఉన్న బంగళా జాగాలో గ్రంథాలయం వెలసిన ఊరు మాది, పాత పుస్తకాల స్కాన్లు చదివేవాళ్లకు కొదవ లేదు. 300 డీపీఐలో స్కాన్ చేసిన ఏ4 పేజీ ఎత్తు 3508 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ తెర ఎత్తు 1080. అసలు సైజులో మూడోవంతు కూడా పట్టదు. అలాంటివాళ్లు తెరను నిలువుగా తిప్పుకునే స్టాండు ఉన్నది వెతుక్కోవాలి.

బడులకూ సచివాలయాలకూ కొనే అధికారులకు ఒక మనవి. కొనుగోలు కాగితంలో అంగుళాల పక్కనే రిజల్యూషన్ కూడా రాయించండి. సరుకు వచ్చినాక ఒక తెలుగు పేజీ తెరిచి చూసి, అప్పుడే సంతకం పెట్టండి.