దిద్దేవారికి దిక్కెవరు?

నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న మిక్కిలి ఆగ్రహంతో ఫోను చేశాడు. ఏదో ఓపెన్‌సోర్స్ సాఫ్టువేరులో తెలుగు వత్తు పడవలసిన చోట పడకపోతే, తానే సరిచేసి పంపాడట. పదకొండు నెలలైనా ఉలుకూ లేదు, పలుకూ లేదు. "పనికిరాదంటే పనికిరాదని చెప్పవచ్చు కదా మాస్టారూ! అసలు చదివారో లేదో!" అన్నాడు.

ఇలా పంపే సవరణను ప్యాచి అంటారు. చిరుగుకు వేసే 'మాసిక' అన్న మన మాట దీనికి చక్కగా సరిపోతుంది. వచ్చిన మాసికను చదివి, పరీక్షించి, మూలంలో చేర్చేవాడు నిర్వాహకుడు. తాళపత్ర ప్రతులను సరిచూసే పరిష్కర్త వంటివాడన్నమాట. పరిష్కర్త ఏమరితే ఒక పద్యం చెడుతుంది. ఇక్కడ చెడేవి లక్షల యంత్రాలు.

మావాడి బాధ న్యాయమైనదే. పుటనిండా ఎర్రసిరా పోసినా పిల్లవాడు ఓర్చుకుంటాడు. నోటుపుస్తకం తిరిగి రాకపోతే మాత్రం ఓర్చుకోలేడు. "రెండు నెలలదాకా చూడలేను" అన్న ఒక్క వాక్యం వ్రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఎక్స్‌జెడ్ ఉదంతం చదివేవరకు నేనూ ఇంతే అనుకునేవాణ్ణి.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న పనిముట్టు. లినక్సు వ్యవస్థలన్నిటా దాదాపుగా ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో మోసినవాడు ఫిన్లాండు దేశస్థుడు లాసె కాలిన్. 2022లో కొందరు, మాసికలు చేర్చడం లేదని, వేరొకరికి అప్పగించమని ఆయనను సతాయించారు. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదని, ఇది జీతంలేని వ్యాపకమని ఆయన బదులిచ్చాడు. చివరకు, ఓపికగా సాయపడుతున్న 'జియా టాన్' అనే పేరుగల వ్యక్తికి అధికారంలో వాటా ఇచ్చాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారి అమర్చబడింది ఆ పేరుతోనే! సతాయించినవారు కూడా ఆ కుట్రలో భాగమైన మారుపేర్లేనని చాలామంది అనుమానం. వాళ్ళు ఆయుధంగా వాడుకున్నది మావాడి నోట వచ్చిన ఫిర్యాదునే. నిజమైన ఫిర్యాదుకూ దొంగ ఫిర్యాదుకూ భాషలో తేడా ఏముంది?

ఆ దొంగదారిని పట్టుకున్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను అదనంగా పడుతోందేమని తవ్వి చూసి, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి ప్రధాన లినక్సు పంపిణీల స్థిర కూర్పులలోకి అది ఇంకా చేరలేదు. అర సెకనును కూడా ఉపేక్షించని చాదస్తం! (మా ఇంట్లో నా చాదస్తానికి ఇంతటి గౌరవం ఎన్నడూ దక్కలేదు.)

ఈ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ అనే దత్తాంశ వ్యవస్థను తీర్చేవారిలో ఒకడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. మాసిక పంపినవారు కనీసం ఇంకొకరి మాసికనొకదాన్ని పరిశీలించాలని ఆశిస్తారు. నాకు వెంటనే ఉక్తలేఖనం గుర్తుకు వచ్చింది. అరవైమంది ఉన్న తరగతిలో పుస్తకాలు మార్పించి, ఒకరిది మరొకరిచేత దిద్దించేవాణ్ణి. పక్కవాడి పుస్తకంలో ల, ళ తేడా పట్టుకున్నవాడు మరునాడు తన పుస్తకంలో ఆ తప్పు చేసేవాడు కాదు. నా భారమూ తగ్గేది. చివరి సంతకం మాత్రం నాదే.

మావాడికి ఈ మాటే చెప్పాను. "ఇతరులవి దిద్దడానికి నాకేం అధికారం ఉంది మాస్టారూ?" అని గొణిగాడు. చేర్చే అధికారం లేకపోవచ్చు కాని, నడిపి చూసి, ఇక్కడ పనిచేసింది, ఇక్కడ చెడింది అని వ్రాయడానికి ఎవరి అనుమతి కావాలి?

నిన్న మళ్ళీ ఫోను చేశాడు. వాడి మాసికకంటే ముందు, కన్నడ ఒత్తుకు సంబంధించినది ఒకటి ఏడాదిన్నరగా పడివుందట. దాన్ని దించుకుని పరీక్షిస్తున్నాడు.