పెంపుడు కుక్క మరణం – పిల్లల దుఃఖం

2025వ సంవత్సరంలో కుక్కల ప్రస్తావన దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళినది. ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలను పట్టి శాలలలో ఉంచవలెనని ఆగస్టు 11న ఒక ధర్మాసనం ఆజ్ఞాపించినది. పదునొకండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించినది. పిచ్చికుక్కలను, మీదపడి కరిచేవాటిని మినహాయించి, తక్కినవాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనన్నది. నవంబరు 7న మరియొక ఉత్తర్వు వచ్చినది: పాఠశాలలు, ఆస్పత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలనుండి కుక్కలను తొలగించవలెను, వాటిని మరల అక్కడ విడువరాదు. ఈ ఉత్తర్వుల చుట్టు దేశమంతట జరిగిన వాదంలో ఒకవైపు కుక్కకాటుకు భయపడే తల్లిదండ్రులు, మరొకవైపు జీవకారుణ్యవాదులు నిలిచినారు. కుక్క చనిపోయిన ఇంటివారి మాట మాత్రం ఏ పక్షంలోను వినరాలేదు.

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకు చేరువనున్న వేల్పూరు ప్రాంతం పసుపునకు, ఎర్రజొన్నకు ప్రసిద్ధి. బడికి వెలుపల ఉన్న పిల్లలను పనులు మాన్పించి బడిలో చేర్పించిన 2001 నాటి ఉద్యమంతో ఈ మండలం పేరు దేశంలో వినబడినది. ఇటువంటి ఊళ్ళలో కుక్క కేవలం ముచ్చటకు పెంచే జంతువు కాదు. రాత్రివేళ చేలమీద పడే అడవిపందులను అదలిస్తుంది. గొర్లమందకు కావలి కాస్తుంది. పిల్లవాని వెంట బడివరకు నడుస్తుంది. అది చనిపోయిన నాడు పెద్దలు దానిని తీసికొనిపోయి చెలకలో పాతిపెట్టి వస్తారు. "కుక్కనే గద బిడ్డా, ఇంకోటి తెచ్చుకుందాం" అన్న ఒక్క మాటతో ఆ విషయం ముగుస్తుంది.

కుక్క ఆయుర్దాయం సుమారు పది పదమూడేళ్ళు. ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాని ఇంటికి అదే ఏడు కుక్కపిల్ల వచ్చినదనుకొంటే, వాడు పదవ తరగతి పరీక్షకు కూర్చునే వేళకు అది ముసలిదై ఉంటుంది. అదియును రోగాలనుండి తప్పించుకొని బ్రతికినప్పుడు. టీకాలు వేయించని కుక్కపిల్లలు పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు బలికావడం సాధారణం. కనుక చావు అంటే ఏమిటో పిల్లలలో పలువురికి తొలుత తెలియజెప్పేది తాతయో నానమ్మయో కాదు, కుక్క.

సంఘం గుర్తించని శోకాన్ని గురించి అమెరికా పండితుడు కెన్నెత్ డోకా సంపాదకత్వంలో 1989లో ఒక గ్రంథం వెలువడినది. బంధువు పోతే దినాలున్నవి, పరామర్శలున్నవి, బడికి సెలవున్నది. ఏ ఆచారమూ లేని దుఃఖంలో మనిషి ఏడ్చుటకు కూడ సిగ్గుపడతాడు. పెంపుడు జంతువు మరణం సరిగా అటువంటిది.

మన పూర్వులు ఎల్లప్పుడు ఇంత ముభావంగా లేరు. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949–50 నాటి శిలాశాసనమొకటి దొరికినది. తక్కోలం యుద్ధంలో చోళులను ఓడించిన రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలంలో మణలేరుడనే వీరుని మెచ్చి, కావలసినది కోరుకొమ్మన్నారు. అతడు కోరినది కాళి అనే వేటకుక్కను. తరువాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడినది, రెండును చచ్చినవి. మణలేరుడు గుడియెదుట శిల నిలిపి, దానికి భూమి దానమిచ్చినాడు. ఆ శిలను పూజింపక అన్నం తిన్న పూజారికి పాపం చుట్టుకొంటుందని శాసనం హెచ్చరిస్తున్నది. ఆ శిల నేడు బెంగళూరు మ్యూజియంలో ఉన్నది. బోధనును తొలి రాజధానిగా చేసుకొన్న వేములవాడ చాళుక్యులు ఆ చక్రవర్తికే సామంతులు గనుక, ఈ కథ వేల్పూరుకు మరీ పరాయిది కాదు.

కుక్క లేనిదే స్వర్గానికి రానన్న ధర్మరాజు కథను తిక్కన మహాప్రస్థానిక పర్వంలో తెలుగువారికి అందించినాడు. బోధనే ఏకచక్రపురమని నమ్మే ఈ సీమలో ఆ కథ తెలియనివారుండరు. అయితే ఆ కుక్క ధర్మదేవత అని చివరకు తేలుతుంది. కాళి కుక్కగానే పుట్టి కుక్కగానే చచ్చినది. అందుచేత ఆతకూరు శిలయే బలమైన సాక్ష్యం.

ఇక బడి సంగతి. కుక్క పారిపోయినదని చెబితే పిల్లవాడు బాటవైపు చూస్తూ కూర్చుంటాడు. నిద్రపోయినదని చెబితే తన నిద్రకే జడుస్తాడు. చనిపోయినదని తిన్నగా చెప్పుట మేలు. పాతిపెట్టేటప్పుడు వానిని వెంట తీసికొనిపోవచ్చును. బడిలో దానిని గురించి వ్రాయుమనవచ్చును. మధ్యాహ్న భోజనపు మెతుకులు తిని బడి ఆవరణలో పెరిగిన కుక్కను ఉత్తర్వు ప్రకారం పట్టుకొనిపోయే ముందు కూడ, ఎక్కడికో, ఎందుకో ఉపాధ్యాయుడు పిల్లలకు ముందుగా చెప్పవలె. తెల్లవారి వచ్చి చూస్తే కుక్క లేకపోవడం వారికి చావువంటిదే.

దీనికి బలమైన అభ్యంతరమొకటి ఉన్నది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుని వీధికుక్కలు చంపినవి. అటువంటి తల్లిదండ్రుల యెదుట కుక్క శోకం మాట ఎత్తుట క్రూరమే. కాని వీధికుక్కకు టీకా వేయించుమనే నోరే పెంపుడు కుక్కకు కన్నీరు పెట్టవచ్చును. ఈ రెంటికిని వైరం లేదు. రేబిస్ లక్షణాలు పైకి కనబడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసంభవం. కరిచిన చోటును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి పోవలెనని ప్రతి విద్యార్థికి తెలియవలె. చనిపోయిన కుక్క విషయంలో ఆ వ్యాధి అనుమానముంటే పిల్లలు దానిని తాకరాదు. వీడ్కోలు దూరంనుండియే.

హైదరాబాదువారికి ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఏర్పడినది. వేల్పూరు పిల్లవానికి అంత అవసరం లేదు. చెలకగట్టున, బావికి దూరంగా, నాలుగడుగుల గొయ్యి చాలును. పైన ఒక రాయి నిలిపి దానిమీద సున్నంతో పేరు వ్రాయవలసి ఉంటుంది; ఆ పని బడికి పోయే పిల్లవాడు తానే చేయగలడు.